సాలిడ్ టాప్ గిటార్, కాళ్ల దగ్గర మానిటర్, ఆగని కూత

ఆరాధన_గిటార్ (ఏలూరు)
అన్నలూ, మా చర్చిలో ఆదివారం ఆరాధనకి అకూస్టిక్ గిటార్ వాయిస్తాను. పైన రేకులు, కింద గ్రానైట్. గిటార్‌కి సాలిడ్ స్ప్రూస్ టాప్ (ప్లైవుడ్ కాని అసలు చెక్క పైపలక), బ్రిడ్జి కింద పీజో (తీగల అదురుని సిగ్నల్‌గా మార్చే పికప్), పక్కన బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ (ఆ సిగ్నల్‌ని పెంచేది). నా శబ్దం నాకు వినబడే మానిటర్ బాక్సు కాళ్ల దగ్గర. మిక్సర్ మీద నా ఫేడర్ (శబ్దం పెంచే మీట) సగం దాటితే చాలు, ఐదో తీగ ముట్టుకోకుండానే ‘బూఁ...’ అని కూత (ఫీడ్‌బ్యాక్) లేస్తుంది. పోయిన వారం సరిగ్గా ప్రార్థన మధ్యలో లేచింది. చాలా బాధేసింది. సౌండ్‌హోల్‌కి రబ్బరు మూత కొనాలా? డీఐ బాక్స్ పెడితే తగ్గుతుందా? బ్యాటరీ ఎన్నాళ్లకోసారి మార్చాలి?

ఆరోతీగ
మూత కొను తమ్ముడూ, ఇంకేం ఆలోచించకు. ఆరేళ్లుగా పెళ్లి సంగీత్‌లలో వాయిస్తున్నా, డీజే బాక్సులు నా వీపు వెనకే ఉంటాయి. మూత పెట్టిన రోజు నుంచి ఒక్కసారి కూడా కూయలేదు.

మిక్సర్_మామ
మూతతో సగం పనే అవుతుంది. గిటార్ డొల్లలో గాలికి సొంత స్వరం ఒకటుంటుంది, పెద్ద బాడీ గిటార్లలో 100 హెర్ట్జ్ చుట్టుపక్కల. ఐదో తీగ 110. అందుకే అది దానంతటదే మోగుతోంది. మూత ఆ గాలిని ఆపుతుంది. పైచెక్క ఊగేది మాత్రం 200 దగ్గర, దాన్ని మూత ఏమీ చెయ్యలేదు.
22 ఏళ్లుగా మిక్సర్ వెనక నిలబడుతున్నాను, ఊరేగింపు బండి దగ్గర్నుంచి కాలేజీ ఫెస్టుల దాకా. చెప్పేది విను. జనం రాకముందే గిటార్ మెడలో వేసుకుని, తీగల మీద చెయ్యి పెట్టకుండా, రోజూ నిలబడే చోటే నిలబడు. ఫేడర్ మెల్లగా పెంచమను. కూత మొదలవగానే 31 బ్యాండ్ ఈక్యూలో (ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక మీట ఉండే పెట్టె) 100, 125, 200 ఒక్కొక్కటీ దించి చూడండి. ఏది దించితే ఆగిందో దాన్ని నాలుగైదు డీబీ కిందే వదిలెయ్యండి. మళ్లీ పెంచితే రెండో కూత వస్తుంది. అలా మూడు దాకా చాలు. నాలుగోదాని వెంటపడితే గిటార్ శబ్దమే మిగలదు.

కాకినాడ_కార్డ్స్
అసలు తప్పు సాలిడ్ టాప్‌ది. స్టేజీకి ప్లైవుడ్ టాప్ గిటారే వాడాలి. 1950లలో గిబ్సన్ జె-160ఇకి కావాలనే ప్లైవుడ్ టాప్ వేశారు, కూత తగ్గాలని. బీటిల్స్‌లో లెనన్, హారిసన్ 1962లో కొనుక్కున్నవి అవే. గట్టిగా ఉన్న చెక్క తక్కువ ఊగుతుంది, తక్కువ కూస్తుంది.

స్ప్రూస్_ప్రాణం
వాయించేది గిటారా, అట్టపెట్టా? రెండేళ్లు ట్యూషన్లు చెప్పి దాచిన డబ్బుతో సాలిడ్ స్ప్రూస్ కొన్నాను. ఆ నాదం కోసమే కదా అకూస్టిక్ పట్టుకునేది! ఊగకూడదంటే ఎలక్ట్రిక్ వాయించుకోండి.

కాకినాడ_కార్డ్స్
పీజో నుంచి మిక్సర్‌లోకి వెళ్లాక మీ స్ప్రూస్ నాదం ఎవరికి వినబడుతుంది? వెనక వరుసలో కూర్చున్నవాళ్లకి తేడా తెలుస్తుందా? ఇంట్లో సాలిడ్, స్టేజీ మీద ప్లైవుడ్. నేను చేసేది అదే.

స్ప్రూస్_ప్రాణం
వాయించే నాకు తెలుస్తుంది. చేతికి చెక్క బదులివ్వకపోతే స్ట్రమ్మింగే మారిపోతుంది. మీకు ఆ సంగతి తెలియకపోతే నేనేం చెయ్యను?

ఓరుగల్లు_బీట్స్
మీరిద్దరు కొట్లాడుకుంటే ఆ తమ్మునికి ఏమొస్తది? కొత్త గిటార్ కొనమంటే పైసలెవరిస్తరు? నేను లోపల పాత తువ్వాల కుక్కిన. కాలేజ్ ఫెస్ట్ మొత్తం ఒక్కసారి గూడ కూయలే.

స్ప్రూస్_ప్రాణం
తువ్వాలు!! ఇంతకంటే ఆ గిటార్‌కి శిక్ష ఇంకేముంది?

వీణ_విజయనగరం
మా వీణకీ ఇదే గోస. బ్రిడ్జి పక్కన కాంటాక్ట్ మైకు అంటించుకుంటాను. మృదంగం ఆయన మానిటర్ పెంచమంటారు, అది పెంచితే నాకు వీణ వినబడదు, నాదీ పెంచమంటాను, రెండో కీర్తనకల్లా కుండలోంచి కూత. ఈ మధ్య కచేరీ ముందే ఆయనతో మాట్లాడి ఇద్దరం మానిటర్లు సగానికి దించుకున్నాం. గమకం చివరి సన్నదనం మళ్లీ వినబడింది. ఆ రోజు సంతోషం చెప్పలేను.

డల్లాస్_డి_మైనర్
వీణగారు చెప్పిందే అసలు మందు. నేను మానిటరే తీసేసి చెవుల్లో ఇన్-ఇయర్ పెట్టుకున్నాను. గిటార్ వైపు ఊదే బాక్సే లేకపోతే కూత చాలామటుకు పోతుంది. అన్నట్టు ప్రీయాంప్ మీద ఫేజ్ బటన్ (సిగ్నల్‌ని తలకిందులు చేసేది) ఉంటే నొక్కి చూడండి.

మిక్సర్_మామ
ఫేజ్ బటన్ నొక్కితే ఒక్కోచోట తగ్గుతుంది, రెండడుగులు జరిగితే పెరుగుతుంది. నిలబడే చోట రెండు రకాలుగా నొక్కి చూసి తేల్చుకోవాలి. డీఐ సంగతి ఎవరూ చెప్పలేదు. డీఐ కూతని ఆపదు. పొడవాటి వైరు గుండా గురగుర లేకుండా సిగ్నల్‌ని మిక్సర్‌కి చేర్చడమే దాని పని.

ఆరోతీగ
అదెలా మామా? మూత కంటే ముందు, నేను డీఐ పెట్టాకే నాకు కొంత తగ్గింది.

మిక్సర్_మామ
నీది ప్రీయాంప్ లేని ఉత్త పీజో అయ్యుంటుంది. దాన్ని నేరుగా మిక్సర్‌లో గుచ్చితే ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఉండే విద్యుత్ అడ్డు) కుదరక గొంతు పీలగా వస్తుంది. ఆపరేటర్ బేస్ పెంచుతాడు, కూత మొదలవుతుంది. యాక్టివ్ డీఐ పెట్టాక బేస్ పెంచాల్సిన పని పోయింది, అందుకే తగ్గింది. ఇతని గిటార్‌లో ప్రీయాంప్ ఉందని మొదటి పోస్టులోనే రాశాడు. చదివి మాట్లాడాలి.

ఆరోతీగ
22 ఏళ్లు నిలబడ్డంత మాత్రాన అందరి మీదా అరవొచ్చా? నా అనుభవం నేను చెప్పాను.

ఆరాధన_గిటార్
గొడవ వద్దు అన్నలూ, మీ ఇద్దరి మాటా పనికొచ్చింది. శనివారం రాత్రి మామ గారు చెప్పినట్టు చేశాం. మొదటి కూత 100 దగ్గర, రెండోది 200 దగ్గర దొరికింది. మానిటర్‌ని గిటార్ ఎదురు నుంచి పక్కకి తిప్పి, మూత కూడా పెట్టాను. ఆదివారం మూడు పాటలూ ఫేడర్ ముప్పావు దాకా వెళ్లింది, గిటార్ నోరెత్తలేదు. మామ గారికి వందనాలు. ఇప్పుడు పాడే అమ్మగారి మైకు కీచుమంటోంది. షూర్ ఎస్‌ఎం58. మానిటర్ ఆమెకి ఓ పక్కన ఉంది.

డల్లాస్_డి_మైనర్
ఎస్‌ఎం58 కార్డియాయిడ్, అంటే ఎదురు నుంచి వచ్చేదే బాగా వినే మైకు. దానికి సరిగ్గా తోక వైపు నుంచి వచ్చేదే తక్కువ వినబడుతుంది. మానిటర్‌ని పక్కన కాదు, మైకు తోక చూసే వైపు పెట్టండి.

మిక్సర్_మామ
ఆమె మైకు జాలీని పిడికిలితో మూసి పట్టుకుంటున్నారేమో చూడు. అలా పట్టుకుంటే అన్ని వైపులా వినే మైకైపోతుంది, అప్పుడు మానిటర్ ఎక్కడ పెట్టినా కూస్తుంది. కిందకి, పిడి దగ్గర పట్టుకోమని మెల్లగా చెప్పు.

ఆరాధన_గిటార్
అవును మామా, జాలీ మీదే పట్టుకుంటారు. బుధవారం ప్రాక్టీసులో చెప్తాను. బ్యాటరీ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.