సువర్ణరేఖలో ఇసుక కడిగి బంగారం తీయడం: ఆపాలా, వదిలేయాలా?

వంశధార_వాసు:
జార్ఖండ్‌లో తమాడ్ వైపు సువర్ణరేఖ ఇసుకలో ఇంకా బంగారం కడుగుతున్నారని ఒక వీడియో చూశాను. ఆడవాళ్లు, పిల్లలు నీళ్లలో నిలబడి చెక్క పళ్లేలు తిప్పుతున్నారు. వీడియో చేసినవాడు ‘ఆహా ప్రకృతి ప్రసాదం’ అంటున్నాడు. 1957 గనుల చట్టం ప్రకారం బంగారం మేజర్ మినరల్, లీజు లేకుండా తీయకూడదు. మరి వీళ్లని ఎవరూ అడగరేం? ఆరేళ్ల క్రితం మా చిన్నాన్న ఇంటి గోడకని వంశధార నుంచి ఒక్క ఎడ్లబండి ఇసుక తెచ్చుకుంటే ఫైను వేశారు. బండి రెండు రోజులు ఆఫీసు ముందే ఉంది. ఎద్దులకి గడ్డి కూడా మేమే మోశాం. చట్టం అందరికీ ఒకటేనా, కాదా?

పద్మజ:
ఎద్దులకి గడ్డి గవర్నమెంటు వేస్తుందా అండీ మరి :)

సోనారి_బాబ్జీ:
వాసు గారూ, నేను పుట్టి పెరిగింది జంషెడ్‌పూర్ సోనారిలో. నాన్న శ్రీకాకుళం నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చారు. ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలిసే దొముహానికి మా ఇంటి నుంచి నడిచి వెళ్లిపోయేవాళ్లం. వీడియో కాదు, కళ్లతో చూసింది చెప్తాను.

ఏడో క్లాసులో నా ఫ్రెండ్ వాళ్ల ఊరు వెళ్లాను, తమాడ్ దగ్గరే. వాడి నాయనమ్మ పొద్దున్నే కర్కరీ వాగులో దిగేది. ఎక్కడ పడితే అక్కడ తవ్వదు. పెద్ద బండ వెనకాల, నీటి వేగం తగ్గేచోట పేరుకున్న ఇసుకే తోడుతుంది. గులకరాళ్లు ఏరి పారేసి, పళ్లెం నీళ్లలో ముంచి, చేటతో చెరిగినట్టు ఊపుతుంది. తెల్ల ఇసుక కొట్టుకుపోయి నల్ల ఇసుక చారెడు మిగులుతుంది. అది ఇంకా నెమ్మదిగా తిప్పాలి. చివరికి అంచున పసుపు చుక్క. మధ్యాహ్నానికి అలాంటివి రెండు. తడి వేలితో అద్ది, ఆకులో చుట్టి, కొంగున ముడేసుకుంది. ఆవిడకి లీజు కావాలా మీకు?

కొండలరావు_జియాలజీ:
సెంటిమెంటు పక్కన పెడదాం. ఇసుక సాంద్రత 2.65, నల్ల ఇసుకలోని మాగ్నటైట్‌ది 5.2 దాకా, బంగారానిది 19.3. అందుకే పళ్లెంలో చివరికి అదే ఆగుతుంది. అవ్వ చేసింది సైన్సే, కాదనను. కానీ అక్కడ పని తగ్గిపోతోంది, దానికి కారణాలున్నాయి. 1971లో గేతల్సూద్ డ్యామ్, తర్వాత చాండిల్. పైనుంచి రావాల్సిన కొత్త ఇసుక రిజర్వాయర్లలోనే దిగబడిపోతోంది. ఉన్న ఇసుకని ట్రాక్టర్లు ఎత్తుకుపోతున్నాయి. కడిగిందే మళ్లీ కడుగుతున్నారు. రేపు ఎవడో బంగారం రేణువుల్ని పట్టడానికి పాదరసం తెచ్చి ఇస్తే? ఘనాలో గలామ్సే అనే దొంగచాటు బంగారం తవ్వకాలు, పెరూలో మాద్రె దె దియోస్ ప్రాంతం చూడండి. నదులు విషమైపోయాయి. ఇప్పుడే ఆపడం మంచిది.

సోనారి_బాబ్జీ:
ఘనా ఎక్కడ, కర్కరీ వాగు ఎక్కడ? నేను చూసినచోట పాదరసం చుక్క లేదు. నది పాడైంది డ్యాములతో, ట్రాక్టర్లతో అని మీరే అంటున్నారు. ఆపమనేది మాత్రం పళ్లెం పట్టుకున్న ముసలావిడని.

కొండలరావు_జియాలజీ:
చుక్క లేదు సరే. రాదని గ్యారంటీ ఇస్తారా?

జుగ్సలాయి_చంద్రం:
బాబ్జీ, ‘రెండు చుక్కలు’ అని జాలి పుట్టిస్తున్నావు గానీ లెక్క అది కాదు. మా నాన్న కంసాలి పని చేసేవాడు. ఆ ఊళ్ల నుంచి ఆయన దగ్గరికి వచ్చినవాళ్లలో రోజుకో గురువింద ఎత్తు తీసేవాళ్లూ ఉన్నారు. గురువింద అంటే అటు రత్తీ, సుమారు 0.12 గ్రాము. నెలకి పాతిక రోజులు వేసుకో, మూడు గ్రాములు. ఇవాళ్టి రేటుకి కట్టి చూడు. అంత పేదవాళ్లేం కాదు.

సోనారి_బాబ్జీ:
పాతిక రోజులు రోజూ గురువిందా? వానాకాలం నది పొంగితే పళ్లెం ముట్టుకోరు. ఎండలకి వాగు ఎండితే తేమ దొరికేదాకా చెలమ తవ్వుకోవాలి. కొన్ని రోజులు ఏమీ పడదు. ఆ నాలుగు నెలల సున్నాలు నీ లెక్కలో ఎక్కడున్నాయి?

జుగ్సలాయి_చంద్రం:
సగటు చెప్పలేదు. ఉన్నారు అన్నాను.

సోనారి_బాబ్జీ:
ఉన్నారు అన్నావు, మళ్లీ పాతికతో గుణించావు.

వంశధార_వాసు:
గురువింద గొడవ తర్వాత. చట్టం సంగతి ఎవరూ చెప్పట్లేదు.

సోనారి_బాబ్జీ:
ఇంకో మాట చంద్రం. ఆ గురువింద ఎత్తులో నల్ల ఇసుక ఉందని మీ నాన్న ఎంత కోత వేసేవారు? ఊదితే పోయే ఇసుకకి కూడా వేసేవారు కదా. గురువింద గింజ తన నలుపు ఎరగదని ఊరికే అనలేదు.

జుగ్సలాయి_చంద్రం:
నోరు అదుపులో పెట్టుకో. మా నాన్న దొంగ కాదు. కరిగిస్తే ఎంత తరుగు పోతుందో నీకు తెలుసా? వానాకాలం వాళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగింది ఆయన ఇచ్చిన అప్పుతో. చీటీ లేదు, తాకట్టు లేదు, నమ్మకం మీద ఇచ్చాడు. అప్పుడు మీ సోనారి వాళ్లు ఒక్కరైనా వచ్చారా?

సోనారి_బాబ్జీ:
ఆ అప్పు గురించే నేను మాట్లాడుతున్నది! అప్పు తీసుకున్నవాళ్లు సరుకు మీ దుకాణంలోనే వేయాలి, మీరు చెప్పిన ధరకే. పక్క దుకాణానికి వెళ్లాలంటే భయం, ‘ఇది ఎక్కడిది’ అంటాడని, పోలీసులంటాడని. నా ఫ్రెండ్ ఎనిమిదిలో చేరలేదు. వాళ్ల నాయనమ్మకి చూపు తగ్గింది, వాడు పళ్లెం పట్టాడు. అప్పు తీర్చడానికి. ఇన్నేళ్లు ఎక్కడా చెప్పలేదు, నువ్వు అనిపించావు.

మోడరేటర్:
ఇంట్లోవాళ్ల జోలికి వెళ్లకండి. ఇద్దరికీ ఇదే చివరిసారి చెప్పడం.

వంశధార_వాసు:
ఆగండి బాబ్జీ గారూ. దొంగ సరుకు కాబట్టే భయపడి చవగ్గా అమ్మారు అంటున్నారు. అంటే కాగితం ఉండాలనే కదా? మొదటినుంచీ నేననేది అదే!

సోనారి_బాబ్జీ:
కాగితం ఉండాలి. వాళ్ల చేతిలో ఉండాలి. మీరడిగేది వాళ్లకీ ఫైను వేయమని. తమాడ్ దగ్గరే పరాసి బంగారం బ్లాకు వేలం వేశారు. ఆ ముసలావిడ వేలంపాటకి వెళ్తుందా?

కొండలరావు_జియాలజీ:
పరాసి రాతిలో ఉన్న బంగారం, వాగు ఇసుకది వేరు. కలపకండి. ఇంక నేను ఎందుకు ఆపమంటున్నానో చెప్తాను, పాదరసం ఒక్కటే కాదు. మాది కోలారు. నాన్న గనిలో దిగేవారు. 2001 ఫిబ్రవరి 28న గని మూతపడింది. ‘మళ్లీ తెరుస్తారు’ అంటూ నాన్న పదేళ్లు ఇంకో పని చూడలేదు, ఇంకో ఊరు పోలేదు. అన్నయ్యని కూడా కదలనివ్వలేదు. అయిపోతున్న బంగారం పక్కన పిల్లల్ని కూర్చోబెట్టకూడదు. మీ ఫ్రెండ్ చేతికి కాగితం ఇస్తే వాడి కొడుకు కూడా పళ్లెమే పడతాడు.

సోనారి_బాబ్జీ:
కాగితం ఉండి ఉంటే వాడు బడి మానేవాడు కాదంటున్నాను నేను. ధర సరిగ్గా వస్తే అప్పు రెండు సీజన్లలో తీరేది.

కొండలరావు_జియాలజీ:
తీరాక? ఇసుక ఉంటుందా?

పద్మజ:
ఆ అబ్బాయి ఇప్పుడేం చేస్తున్నాడండీ?

సోనారి_బాబ్జీ:
ఇసుక ట్రాక్టర్ తోలుతున్నాడు. అదే నదిలో.

జుగ్సలాయి_చంద్రం:
బాబ్జీ, నాన్న చిట్టాలు అటక మీద ఉన్నాయి. ఎవరికి ఎంత తరుగు కట్టాడో రాసే ఉంటుంది. ఆదివారం దింపుతాను.

సోనారి_బాబ్జీ:
నాయనమ్మ పేరు మెసేజ్‌లో పంపిస్తాను. చూసి చెప్పు.

వంశధార_వాసు:
మరి మా ఎడ్లబండి ఫైను సంగతి?