అప్‌డేట్: ఎన్‌డీఏ సీటు విలువ ఎంత అని అడిగాను కదా

మావాడికి ఎన్‌డీఏ (సైనికాధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ) వచ్చింది, బీటెక్ సీటూ వచ్చింది, డబ్బు లెక్కన ఏది మేలని మొన్న అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

కాగితం మీద లెక్కేశాం. బీటెక్‌కి ఫీజు, హాస్టల్ కలిపి నాలుగేళ్లకు 9 లక్షలు మా జేబులోంచి పోవాలి. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న ఎన్‌డీఏలో 3 ఏళ్ల చదువు, తిండి, బస, యూనిఫాం ఖర్చు ప్రభుత్వానిదే. పాకెట్ మనీ లాంటివి మాత్రం మనమే చూసుకోవాలి. డిగ్రీ జేఎన్‌యూది. తర్వాత డెహ్రాడూన్‌లోని మిలిటరీ అకాడమీలో ఏడాది శిక్షణలో నెలకు 56,100 స్టైపెండ్. బీటెక్ నాలుగో ఏడు ఫీజు కట్టే వయసులో వీడు సంపాదిస్తాడన్నమాట!

మీలో ఒకరు చెప్పిన బాండ్ సంగతి నిజమే. సరైన కారణం లేకుండా మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలి. మా ఆవిడకు అసలు టెన్షన్ అదే. నాకైతే అక్కడే విలువ అర్థమైంది: ఉచితం అనుకున్నదానికి బిల్లు ఉంది, మనకు చూపించట్లేదంతే.

చివరికి మావాడు మా కాగితం చూడనే లేదు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివినవాడు, ఎప్పుడో తేల్చేసుకున్నాడు. పుణె టికెట్లు బుక్ చేశాం.