పైనుంచి రన్‌వే కనిపిస్తుంటే దిగకుండా ఎందుకు వెళ్లిపోయారు?

కానూరు కుర్రాడు:
జనవరిలో బెంగళూరు నుంచి గన్నవరం వచ్చాం. పొద్దున ఏడున్నర. కింద పల్చటి తెల్లటి పొర, అందులోంచి రన్‌వే లైట్లు నాకు స్పష్టంగా కనిపించాయి. కాసేపు చక్కర్లు కొట్టి హైదరాబాద్ తీసుకెళ్లారు. "రన్‌వే దగ్గర సెన్సర్ రీడింగ్ చాల్లేదు" అన్నారు. కంటికి కనిపిస్తుంటే మిషన్‌తో పనేంటి? ఇది సాకా?

మెట్ రిటైర్డ్:
సాకు కాదు బాబూ. వాతావరణ శాఖలో ఆ పరికరాలు చూసుకునే పనే చేశాను నేను.

నువ్వు చూసింది పైనుంచి కిందికి. పొగమంచు పొర యాభై అడుగుల మందమే ఉందనుకో, నీ చూపు దాటాల్సింది అంతే. పైలట్ మూడు డిగ్రీల వాలులో వస్తాడు. పొరలోకి దిగాక ఆయన చూపు అడ్డంగా, పొర పొడుగునా పోవాలి. అప్పటిదాకా కనిపించిన లైట్లు సరిగ్గా చక్రాలు ఆనబోయే ముందు మాయమవుతాయి. పైనుంచి అంతా బాగుందనిపించే ఈ పల్చటి మంచే నాకు ఎక్కువ భయం.

అందుకే కొలత నేల దగ్గర తీస్తారు. రన్‌వే పక్కన గడ్డిలో, మనిషి ఎత్తుకి కాస్త పైన, ఎదురెదురుగా రెండు తలలు. ఒకటి కాంతి పంపుతుంది, రెండోది అందుకుంటుంది. మధ్యలో ఎంత తగ్గిందో చూసి, దానికి ఆకాశపు వెలుతురు, రన్‌వే లైట్ల తీవ్రత కలిపి లెక్కగడితే వచ్చేది ఆర్వీఆర్ (రన్‌వే విజువల్ రేంజ్). అంటే రన్‌వే నడిమి గీత మీదున్న పైలట్‌కి గీతలు గానీ లైట్లు గానీ ఎంత దూరం కనిపిస్తాయో ఆ దూరం. రాత్రి మామూలు విజిబిలిటీ 300 మీటర్లే ఉన్నా, లైట్ల పుణ్యమా అని ఆర్వీఆర్ 600 రావచ్చు. ఇలాంటి పరికరాన్ని బెంగళూరులోని విమాన పరిశోధన సంస్థ ఎన్ఏఎల్ వాళ్లు 'దృష్టి' పేరుతో మన దేశంలోనే తయారుచేశారు.

వీటికి శత్రువు దుమ్ము. అద్దం మీద మరక పడితే పరికరం దాన్నీ పొగమంచు కిందే లెక్కేస్తుంది. ఎండ కాస్తుండగా నంబరు పడిపోతుంటే ముందు వెళ్లి అద్దం చూసేవాళ్లం. ఒక్కోసారి అద్దం ముందుండే గొట్టంలో సాలీడు గూడు కట్టి ఉండేది. ఒక్క పోగు కాంతికి అడ్డంగా ఊగినా రీడింగ్ పాడవుతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, టవర్‌కి చెప్పి, నంబరు మళ్లీ పైకొచ్చేదాకా అక్కడే నిలబడాలి. ఈ పని శ్రద్ధగా చేసేవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు, నాకు ఆ బాధ ఉంది.

ఎడమ సీటు:
నేను పైలట్‌ని, ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం నడుపుతాను. పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. మాకు హద్దు వెయ్యి అడుగుల ఎత్తు దగ్గర. అక్కడికి రాకముందే ఆర్వీఆర్ కావలసినదానికన్నా తక్కువుంటే ఇంకా కిందికి దిగకూడదు, రన్‌వే కళ్లెదుట మెరుస్తున్నా సరే. రేడియో సిగ్నల్‌తో రన్‌వేకి దారి చూపే ఏర్పాటు ఐఎల్ఎస్. అందులో మామూలు రకమైన కేటగిరీ 1కి ఆర్వీఆర్ 550 మీటర్లు కావాలి. చక్కర్లు కొట్టేది ఆ నంబరు పెరుగుతుందేమోనని. ఇంధనం లెక్క చూసుకుని, ఇక లాభం లేదనుకుంటే వేరే ఊరికి.

కానూరు కుర్రాడు:
థాంక్స్ అండి. మరి ఢిల్లీలో ఆర్వీఆర్ 50 మీటర్లే ఉన్నా దిగుతారంటారు. అయినా అక్కడ అన్ని విమానాలు ఆగిపోతాయెందుకు?

ఎడమ సీటు:
దిగేది ఆటోపైలట్. దానికి కేటగిరీ 3 రన్‌వే (బాగా దట్టమైన మంచులోనూ దిగడానికి ఏర్పాట్లున్నది), అలాంటి విమానం, ఆ శిక్షణ ఉన్న ఇద్దరు పైలట్లు, అన్నీ కుదరాలి. మా ఏటీఆర్‌లకి ఆ సౌకర్యం లేదు. ఇక టేకాఫ్ చేత్తోనే, నడిమి లైట్లు చూస్తూ చేస్తాం. దానికి 125 మీటర్లు కావాలి. అంటే 75 ఉంటే వచ్చేవి వస్తుంటాయి, వెళ్లాల్సినవి నిలబడిపోతాయి. పైగా ఐఎల్ఎస్ సిగ్నల్‌కి అడ్డు రాకుండా విమానాల మధ్య దూరం పెంచుతారు, గంటకు దిగేవి తగ్గుతాయి.

మెట్ రిటైర్డ్:
ఈసారి బయల్దేరేముందు వీవోబీజడ్ మెటార్ చూసుకో. మెటార్ అంటే విమానాశ్రయం వాతావరణ నివేదిక, వీవోబీజడ్ గన్నవరం కోడ్. ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాల్లో తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) రెండూ ఒకటే అంకె చూపిస్తూ, గాలి లేకపోతే అనుమానించు. ఎండ పొడవగానే తగ్గుతుందనుకోకు, తెల్లారాక కాసేపు ఇంకా చిక్కబడుతుంది కూడా. జనవరిలో అయితే పదకొండు గంటల ఫ్లైటే బుక్ చేసుకో బాబూ.