అప్‌డేట్: మోనే కొలను ప్రేరణగా వేస్తున్న పొరల చిత్రం

అక్రిలిక్‌తో పొరలు వేస్తున్నప్పుడు ఆకుపచ్చ, ఊదా కలిసి బురదరంగుగా మారకుండా ఎలా చూసుకోవాలని ఇదివరకు అడిగాను. ప్రతి పొరా పూర్తిగా ఆరాకే తరువాతిది వేయమనీ, పై పొరల రంగును గ్లేజింగ్ మీడియంతో (రంగును పారదర్శకంగా చేసే ద్రవంతో) పలుచన చేయమనీ మీరిచ్చిన సలహా చక్కగా పనిచేసింది.

ఫ్రాన్స్‌లోని జివెర్నీ గ్రామంలో 1893లో కొన్న స్థలంలో తవ్వించిన కొలనును ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోద్ మోనే దశాబ్దాల పాటు చిత్రించాడు; పారిస్‌లోని ఒరాంజెరీ మ్యూజియంలో 1927 నుంచి ప్రదర్శనలో ఉన్న అతని కలువల చిత్రాల్లో క్షితిజరేఖ లేకపోవడమే నన్ను నైరూప్యం (అబ్‌స్ట్రాక్ట్ శైలి) వైపు నడిపించింది. అందుకే ఒడ్డు, వంతెన వదిలేసి నీటినే తీసుకున్నాను.

అడుగున మట్టి పసుపు రంగైన ఓకర్ వేసి, అది ఆరాక ముదురు నీలమైన అల్ట్రామెరైన్‌ను పలుచగా పరిచి, తడిగా ఉండగానే అక్కడక్కడా గుడ్డతో అద్ది తీసేశాను. ఆ చోట్ల ఓకర్ నీటి అడుగున ఎండ పడినట్టు కనిపిస్తోంది. నీడలకు నలుపు వాడమన్న సూచన మాత్రం పాటించలేదు, అల్ట్రామెరైన్‌లో ముదురు ఎరుపైన అలిజరిన్ క్రిమ్సన్ కలిపితే వచ్చే ముదురు ఊదాయే నాకు నచ్చింది. టైటానియం తెలుపు కింది పొరను కప్పేస్తున్నందున దాన్ని పూరేకులకే పరిమితం చేసి, పొగమంచు కోసం పారదర్శకత ఎక్కువున్న జింక్ తెలుపు వాడుతున్నాను. వార్నిష్ పని ఇంకా మిగిలే ఉంది.