ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో పాత డీజిల్ కారు కొన్నాను: ఎమిషన్స్ ఫిక్స్ చేయించాలా, వద్దా?

ప్రశ్న (రీడింగ్ నుంచి)

అన్నయ్యలకు, అక్కలకు నమస్కారం. యూకే వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. 2012 స్కోడా ఆక్టేవియా, 1.6 టీడీఐ డీజిల్, ఒకాయన దగ్గర నేరుగా కొన్నాను. ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ ఎమిషన్స్ రీకాల్ పని ఈ బండికి ఇంకా చేయించలేదని ఇప్పుడు తెలిసింది. అమ్మినాయన్ని అడిగితే, "కావాలనే చేయించలేదు, చేయిస్తే ఇంజిన్ పాడైపోతుంది" అన్నాడు. ఆఫీసులో అడిగితే ఉచితమేగా, చేయించెయ్ అంటున్నారు. చేయించకపోతే ఏటా చేయించే ఎంఓటీ టెస్టులో బండి ఫెయిల్ అవుతుందా? చేయిస్తే లండన్‌లో పొగ ఎక్కువ వదిలే బండ్లకి వేసే రోజువారీ రుసుము, యూలెజ్, కట్టక్కర్లేదా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు (స్లౌ నుంచి)

తమ్ముడూ, ముందు ఆ రెండు ప్రశ్నలూ తేల్చేద్దాం. ఎంఓటీకీ దీనికీ సంబంధం లేదు. ఎంఓటీలో డీజిల్ బండి పొగలో కొలిచేది అది ఎంత నల్లగా వస్తోందనే. ఈ గొడవంతా పొగలో ఉండే నైట్రోజన్ ఆక్సైడ్లనే విషవాయువుల గురించి, వాటిని అక్కడ కొలవనే కొలవరు. జర్మనీలో ఈ పని చేయించనివాళ్ల బండ్లని రోడ్డెక్కనివ్వలేదు. ఇక్కడ మాత్రం ఓనర్ ఇష్టానికి వదిలేశారు.

యూలెజ్ విషయంలో చాలామంది పొరబడతారు. పొగ ప్రమాణాల్లో, ఫిక్స్ చేయించినా నీది యూరో 5 బండే, ఆ తరగతి మారదు. లండన్‌లో డీజిల్‌కి యూరో 6 ఉండాలి. 2023 ఆగస్టు 29 నుంచి లండన్‌లోని బరోలు (పాలనా ప్రాంతాలు) అన్నిటికీ యూలెజ్ వచ్చేసింది. హీత్రో ఎయిర్‌పోర్ట్ కూడా అందులోదే. ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగితే తీసుకురావడానికి వెళ్లినా ఆ రోజుకి 12.50 పౌండ్లు కట్టాల్సిందే. బండి నంబర్ కొట్టి ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ సైట్‌లో ఒకసారి చూసుకో.

ఇక అసలు విషయం. 2015 సెప్టెంబర్‌లో అమెరికాలో బయటపడ్డ వ్యవహారం ఇది. ఈఏ189 అనే డీజిల్ ఇంజిన్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ బండికి ల్యాబ్‌లో టెస్ట్ జరుగుతోందని పసిగట్టి, అప్పుడు మాత్రం నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించేది. రోడ్డు మీదికి రాగానే వదిలేసేది. యూకేలో ఇలాంటివి దాదాపు 12 లక్షల బండ్లు. ఫోక్స్‌వ్యాగన్, ఆడీ, సీట్, స్కోడా అన్నిట్లోనూ ఉన్నాయి. 1.2, 2.0 ఇంజిన్లకి సాఫ్ట్‌వేర్ మారిస్తే సరిపోతుంది. నీ 1.6కి దాంతోపాటు గాలి లోపలికి వెళ్లే గొట్టంలో, ఎయిర్ మాస్ సెన్సర్‌కి ముందు, జల్లెడ లాంటి చిన్న ప్లాస్టిక్ ముక్క ఒకటి పెడతారు. లోపలికి వచ్చే గాలి సుడి తిరగకుండా తిన్నగా వెళ్తే సెన్సర్ సరిగ్గా కొలుస్తుందని. మొత్తం గంటలోపు పని.

మరి జనానికి భయమెందుకంటే, దానికి కారణం లేకపోలేదు. ఇంజిన్ నుంచి వచ్చిన పొగలో కొంత భాగాన్ని మళ్లీ లోపలికి పంపడానికి ఈజీఆర్ వాల్వ్ ఉంటుంది. అలా పంపితే మంట వేడి తగ్గుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి. కానీ మసి ఎక్కువవుతుంది. ఆ మసి కొంత ఈజీఆర్‌కి పడుతుంది, కొంత వెనకాల డీపీఎఫ్ అనే ఫిల్టర్‌లో చేరుతుంది. ఫిక్స్ తర్వాత ఈజీఆర్ మొరాయించిందని, బండి ఉన్నట్టుండి పవర్ తగ్గించుకుని నెమ్మదిగా మాత్రమే నడిచే లింప్ మోడ్‌లోకి వెళ్లిందని ఇక్కడ ఓనర్లు చాలామంది ఫిర్యాదు చేశారు. కంపెనీ మాత్రం మైలేజీలో, పవర్‌లో తేడా రాదనే అంది. నా ఉద్దేశంలో రెండు వైపులా నిజం ఉంది. శుభ్రంగా ఉన్న బండి తట్టుకుంటుంది. అప్పటికే సగం పూడుకుపోయిన ఈజీఆర్ ఉన్న బండికి మాత్రం ఆ కొత్త భారం ఆఖరి దెబ్బ అవుతుంది. అందులోనూ ఈ ఇంజిన్లలో ఆ వాల్వ్ ఇంజిన్ వెనక ఇరుకులో ఉంటుంది. పార్ట్ ఖరీదుకి తోడు లేబర్ కూడా గట్టిగానే పడుతుంది.

అందుకే చేయించాలా వద్దా అని తేల్చుకునే ముందు బండి ఎలా ఉందో చూపించుకో. బయట మంచి గ్యారేజ్‌లో డయాగ్నస్టిక్ పెట్టించి, ఫాల్ట్ కోడ్లు ఏమైనా ఉన్నాయా, డీపీఎఫ్‌లో మసి, బూడిద ఎంత పేరుకున్నాయి, ఈజీఆర్ సరిగ్గా తెరుచుకుని మూసుకుంటోందా, ఇవన్నీ కాగితం మీద తీసుకో. తేదీ, మైలేజీ దాని మీద ఉండాలి. మా బావమరిది బండికి ఫిక్స్ అయ్యాక కొన్నాళ్లకే ఈజీఆర్ పోయింది. గ్యారేజ్‌వాళ్లు మొదట ఇది పాత జబ్బే అన్నారు. ముందు తీయించిన రిపోర్ట్ బల్ల మీద పెట్టాకే మాట మారింది.

ఇంకొకటి. ఫిక్స్ అయ్యాక రెండేళ్ల లోపు, బండి 1,60,000 మైళ్లు దాటకుండా ఉంటే, ఎమిషన్స్‌కి సంబంధించిన 11 భాగాల మీద వచ్చే ఫిర్యాదులు తాము చూసుకుంటామని కంపెనీ అప్పట్లో ప్రకటించింది. ఇప్పుడు చేయిస్తే నీ బండికి అది వర్తిస్తుందా అని బుక్ చేసేముందే డీలర్‌ని ఈమెయిల్‌లో అడుగు, జవాబు కూడా ఈమెయిల్‌లోనే రావాలి. ఫోన్లో చెప్పిన మాట రేపు ఎందుకూ పనికిరాదు.

నువ్వు బండి ఎలా నడుపుతావో రాయలేదు. అది చెప్తే నా అభిప్రాయం చెప్తా.

జవాబు (బర్మింగ్‌హామ్ నుంచి)

అన్నయ్యగారు బాగా చెప్పారు. నేను రెండు ముక్కలు కలుపుతాను.

బండి కొన్నాక మీకు కూడా ఫోన్లు వస్తాయి, "డీజిల్ క్లెయిమ్ వేయండి, వేల పౌండ్లు వస్తాయి" అని. ఈ ఈఏ189 కేసు ఇంగ్లండ్, వేల్స్‌లో 2022 మేలో రాజీతో ముగిసింది. దాదాపు 91,000 మందికి 193 మిలియన్ పౌండ్లు ఇచ్చారు. అప్పుడు కేసులో ఉన్నవాళ్లకే ఆ డబ్బు, ఇప్పుడు కొన్న మీకు అందులో భాగం లేదు. ఫోన్లో ఎవరికీ వివరాలు ఇవ్వకండి, ఏమీ సంతకం పెట్టకండి. క్లెయిమ్ వేయవచ్చా, లేదా అని నిజంగా సందేహం ఉంటే సలహాలిచ్చే సంస్థ సిటిజన్స్ అడ్వైస్‌కి ఫోన్ చేయండి, డబ్బు తీసుకోరు.

రెండోది నేను మరీ మరీ చెప్పాలనుకున్నది. కొన్ని గ్యారేజ్‌లు "ఈజీఆర్ మూసేస్తాం, డీపీఎఫ్ తీసేస్తాం, ఇక ఏ బాధా ఉండదు" అంటాయి. దయచేసి ఆ జోలికి వెళ్లకండి. డీపీఎఫ్ తీసేసిన బండి 2014 ఫిబ్రవరి నుంచి ఎంఓటీలో ఫెయిల్. అలాంటి బండి రోడ్డు మీద నడపడమే నేరం. ఇన్సూరెన్స్‌కి చెప్పకుండా బండిలో మార్పు చేస్తే, రేపు యాక్సిడెంట్ అయినప్పుడు వాళ్లు చేతులెత్తేస్తారు.

మా పాపకి ఆస్తమా. స్కూల్ గేటు ముందు ఇంజిన్ ఆపకుండా నిలబెట్టిన డీజిల్ బండ్ల మధ్య నుంచి రోజూ దాన్ని నడిపించుకుని వెళ్తాను. నైట్రోజన్ డయాక్సైడ్ ఊపిరితిత్తుల గొట్టాల్ని వాచేలా చేస్తుంది, ఆస్తమా ఉన్న పిల్లలకి మరీ ఎక్కువ. ఆ పొగ పిల్లల ముఖాల ఎత్తులోనే వస్తుంది. బండి తట్టుకునే స్థితిలో ఉంటే ఫిక్స్ చేయించమనే నా మాట.

మళ్లీ ప్రశ్న (రీడింగ్ నుంచి)

ఇద్దరికీ చాలా థాంక్స్. వారంలో మూడు రోజులు ఎం4 మోటర్‌వే మీద స్విండన్ ఆఫీసుకి వెళ్తాను. మిగతా రోజులు బాబుని స్కూల్లో దింపడం, టెస్కో, అంతే. ఈ మధ్య ఒకసారి ఇంటి ముందు బండి ఆపి తాళం తీసేశాక కూడా లోపల ఫ్యాన్ గట్టిగా తిరుగుతూనే ఉంది, కాలిన వాసన వచ్చింది. అది పాడైనట్టా?

జవాబు (స్లౌ నుంచి)

కంగారు పడకు తమ్ముడూ. అది డీపీఎఫ్ తనలో చేరిన మసిని కాల్చుకుంటూ ఉండగా నువ్వు బండి ఆపేశావన్నమాట. ఆ సమయంలో ఐడిల్ స్పీడ్ మామూలు కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది, గమనించు. అలా కనిపిస్తే ఆపకుండా ఇంకో పావుగంట పెద్ద రోడ్డు మీద తిప్పి రా. అది మాటిమాటికీ మధ్యలో ఆగిపోతే మసి పేరుకుంటుంది, డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ డిప్‌స్టిక్ మీద గీత పైకి పోతోందేమో కూడా చూసుకుంటూ ఉండు.

వారంలో మూడుసార్లు మోటర్‌వే ఎక్కుతున్నావు కాబట్టి నీ బండికి ఫిక్స్ ఇబ్బంది పెట్టదని నా అంచనా. రిపోర్ట్‌లో ఈజీఆర్, డీపీఎఫ్ బాగున్నాయని వస్తే చేయించెయ్. ఒకవేళ ఈజీఆర్ బాగాలేదని వస్తే ముందు దాన్ని శుభ్రం చేయించి, ఆ బిల్లు దాచుకుని, తర్వాతే ఫిక్స్‌కి వెళ్లు. రేపు ఉద్యోగం మారి స్విండన్ వెళ్లడం మానేస్తే మాత్రం, రోజూ మైలు దూరం స్కూలుకి డీజిల్ బండి పనికిరాదు. ఫిక్స్ ఉన్నా లేకున్నా ఆ నడకకి డీపీఎఫ్ పూడుకుపోతుంది. అప్పుడు అమ్మేసి పెట్రోల్ చూసుకో. 2006 తర్వాతి పెట్రోల్ బండ్లు చాలావరకు యూలెజ్‌కి కూడా పనికొస్తాయి.

పని అయ్యాక ఫిక్స్ చేసినట్టు కాగితం అడిగి తీసుకో, సర్వీస్ బుక్‌లో పెట్టు. నువ్వు అమ్మేటప్పుడు కొనేవాడు అదే అడుగుతాడు. దగ్గర్లో ఉన్న స్కోడా డీలర్ నెలల తర్వాతి తేదీ ఇస్తే ఆగక్కర్లేదు, వేరే ఊళ్లో స్కోడా డీలర్‌నైనా అడుగు. స్విండన్ వెళ్లే రోజున అక్కడే బుక్ చేసుకుంటే సెలవు కూడా పెట్టక్కర్లేదు.