ఇంటి పర్మిషన్ ఫీజు ట్రెజరీలో ఉందంటున్నారు, తీయడానికి రాదంటున్నారు. లెక్క ఎలా పట్టుకోవాలి?

చెరువుగట్టు:
అందరికీ నమస్కారం. తెలంగాణలో ఒక గ్రామ పంచాయతీ మాది. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ)లో గానీ, మరే పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో గానీ లేదు. 2025 డిసెంబరు ఎన్నికల్లో వార్డు సభ్యుడిగా గెలిచాను. అంతకుముందు 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారి పాలన. ఆ దాదాపు రెండేళ్లలో ఊళ్లో ఇళ్లు బాగానే లేచాయి, పర్మిషన్లకు డబ్బులూ కట్టారు. ఆ డబ్బు ఏదని అడిగితే "ట్రెజరీలో ఉంది, తీయడానికి రాదు" అనే మాటే వస్తోంది. ఫీజు రేటు పంచాయతీ ఇష్టమేనా? వసూలైనదంతా పంచాయతీదేనా? ఆడిట్ ఎవరిది? వార్డు సభ్యుడిగా నేను ఏ కాగితం అడగాలి?

పద్దుపుస్తకం:
ముందు ఆ డబ్బును వేరు చేయండి. ఇంటాయన ఒక్క రోజే వచ్చి కట్టిపోయినా, అందులో అంతా పంచాయతీ సొమ్ము కాదు. పర్మిట్ ఫీజు పంచాయతీ సాధారణ నిధికి పోతుంది. లేబర్ సెస్సు మాత్రం భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుది. నిర్మాణ ఖర్చులో 1 శాతం వసూలు చేసి, 30 రోజుల్లోగా బోర్డుకు పంపాలి. వసూలు చేసిన శ్రమకు పంచాయతీ ఉంచుకోగలిగింది ఆ సెస్సులో 1 శాతం వరకే. ఇంటి ఖర్చు 18 లక్షలైతే సెస్సు 18,000 రూపాయలు, అందులో పంచాయతీకి మిగిలేది మహా అయితే 180 రూపాయలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సొంతంగా ఉండటానికి కట్టుకునే ఇంటికి భవన నిర్మాణ కార్మికుల పాత 1996 చట్టంలో మినహాయింపు 10 లక్షల వరకే. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లో అది 50 లక్షలు. మీరు చూడాల్సిన ఫైళ్లు ఎక్కువగా ఆ తేదీకి ముందువే కనుక పాత పరిమితితోనే సరిచూడండి.

ఇంటి పన్ను మొదలయ్యాక గ్రంథాలయ సెస్సు వస్తుంది, రూపాయికి 8 పైసలు. అదీ పంచాయతీది కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థది. ఈ రెండు సెస్సులనూ సాధారణ నిధిలో కలిపేసి వాడుకోవడం ఆడిట్ పేరాల్లో (ఆడిట్ వాళ్లు రాసే అభ్యంతరాల్లో) ఏటా కనిపించే తప్పు. నిధి నిండుగా కనిపిస్తుంది, నిజానికి అందులో కొంత అప్పే.

ప్లాన్‌గీసేవాడు:
రేటు సంగతి. పంచాయతీకి ఫీజు వేసే అధికారం చట్టం ఇస్తేనే ఉంటుంది. రాజ్యాంగం 243హెచ్ చెప్పేదీ అదే, శాసనసభ చట్టం చేసి అప్పగించిన మేరకే వసూలు. చట్టంలో స్పష్టమైన అధికారం లేకుండా అభివృద్ధి రుసుము వేయడం చెల్లదని అహ్మదాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు 1992లోనే తేల్చింది. కాబట్టి ఫీజు ఏ నిబంధన కింద, ఏ తేదీ తీర్మానంతో వేస్తున్నారో చూపించమనండి. పర్మిషన్‌తో పాటు "ఊరి అభివృద్ధికి" అంటూ రసీదు లేకుండా తీసుకునే దానికి ఏ ఆధారమూ ఉండదు. ఇచ్చేవాళ్లు ఇష్టంగా ఇచ్చినా అది విరాళం పద్దులో, రసీదు నంబరుతో కనిపించాలి.

పంచాయతీ సొంతంగా ఇవ్వగలిగే పర్మిషన్‌కు హద్దు ఉంది: 300 చదరపు మీటర్ల లోపు స్థలం, అంటే సుమారు 359 గజాలు, ఎత్తు 10 మీటర్ల లోపు. అది దాటితే జిల్లా టౌన్ ప్లానింగ్ ఆఫీసు నుంచి సాంకేతిక ఆమోదం రావాలి. 400 గజాల్లో ఇచ్చిన పర్మిషన్ ఫైల్లో ఆ ఆమోదం లేకపోతే ఫీజు సరిగ్గా కట్టినా లాభం లేదు. తర్వాత బ్యాంకు లోను దగ్గర ఇంటాయనే ఇరుక్కుంటాడు.

అనుమతి లేని లేఅవుట్‌లోని ప్లాట్లను విడిగా చూడండి. ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. 200 గజాలు, గజం 2,000 చొప్పున 4 లక్షలైతే 56,000 రూపాయలు. పర్మిట్ ఫీజు పక్కన ఇదే పెద్ద మొత్తం, తేడాలు కూడా ఇక్కడే వస్తాయి. ఏ తేదీ మార్కెట్ విలువ పట్టారో కాగితం మీద ఉండాలి.

పక్క మున్సిపాలిటీలో 75 గజాల లోపు ఇంటికి రూపాయే కదా అని జనం అడుగుతారు. అది టీజీ-బీపాస్ (ఆన్‌లైన్ భవన అనుమతుల) పద్ధతి, 2020 చట్టం కింద వచ్చింది. పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో లేని మీ పంచాయతీకి ఆ లెక్క వర్తించదు.

చెరువుగట్టు:
చాలా థాంక్స్. మరి "తీయడానికి రాదు" అనేది నిజమా? పోయిన వారం రసీదు పుస్తకాలు అడిగితే ఆడిట్‌కు పోయాయన్నారు.

టోకెన్‌నంబర్:
సగం నిజం. పంచాయతీ సొంత ఆదాయం సబ్ ట్రెజరీలో పీడీ ఖాతాలో, అంటే పంచాయతీ పేరుతో ప్రభుత్వ ఖజానాలోనే ఉండే ఖాతాలో ఉంటుంది. అక్కడ నిల్వ కనిపించడం ఒకటి, నగదు చేతికి రావడం ఇంకొకటి. పని చేయించి, కొలత పుస్తకంలో రాయించి, సర్పంచ్, ఉప సర్పంచ్ సంతకాలతో బిల్లు పెడితే టోకెన్ నంబరు వస్తుంది. ఆ తర్వాత ఆర్థిక శాఖ విడుదల చేసేదాకా ఆగాలి. మార్చి 31 దాటితే పాత టోకెన్ పోయి మళ్లీ బిల్లు పెట్టుకోవాలి. నా ఉద్దేశంలో ఇది న్యాయం కాదు. ఊరి వాళ్లు ఊరి కోసం కట్టిన ఫీజుతో వీధి దీపం వేయడానికి రాజధాని వైపు చూడాల్సిన పని ఉండకూడదు. కానీ నేటి పద్ధతి ఇదే. అందుకే "రాదు" అంటే ఒప్పుకోకండి. ఎన్ని బిల్లులు పెట్టారు, టోకెన్ నంబర్లు ఏమిటి, ఏ తేదీవి అని అడగండి. బిల్లే పెట్టకపోతే తప్పు ట్రెజరీది కాదు.

15వ ఆర్థిక సంఘం డబ్బు, అంటే 2025-26 వరకు పంచాయతీలకు కేటాయించిన కేంద్ర గ్రాంటు, వేరు. అది బ్యాంకు ఖాతాలో ఉంటుంది, పంచాయతీల లెక్కల పోర్టల్ ఈ-గ్రామ్ స్వరాజ్ నుంచి, కేంద్రం చెల్లింపుల వ్యవస్థ పీఎఫ్‌ఎంఎస్ ద్వారా, డిజిటల్ కీతో (ఆన్‌లైన్ సంతకంతో) చెల్లింపు. 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే, మిగతా 40 శాతం ఊరి అవసరాలకు. జీతాలకు మాత్రం వాడకూడదు. కేంద్రం నుంచి వచ్చాక రాష్ట్రం 10 పనిదినాల్లో పంచాయతీలకు పంపాలి, ఆలస్యమైతే వడ్డీతో సహా ఇవ్వాలి. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఈ గ్రాంటు రాదు. కాబట్టి మీ రెండేళ్ల గ్యాప్‌లో అది ఆగి ఉంటుంది. దాన్నీ పర్మిట్ ఫీజునూ ఒకే మాటలో కలిపి చెబితే నమ్మకండి. కొత్త సర్పంచ్, ఉప సర్పంచ్ డిజిటల్ కీలు నమోదయ్యాయో లేదో ఈరోజే కనుక్కోండి. డబ్బుండీ చెల్లింపులు ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.

పద్దుపుస్తకం:
ఆడిట్ గురించి. పంచాయతీ లెక్కలు చూసేది స్టేట్ ఆడిట్ శాఖ, అది ఆర్థిక శాఖ కింద ఉంటుంది. కాగ్ (కేంద్ర, రాష్ట్ర లెక్కలు తనిఖీ చేసే సంస్థ) వాళ్లు ఆ శాఖకు సాంకేతిక మార్గదర్శనం చేస్తారు. అభ్యంతరాలు ఆడిట్ ఆన్‌లైన్ అనే పోర్టల్‌లోకి ఎక్కుతాయి. ఈ పని నామమాత్రం కాదు, ఎందుకంటే అంతకుముందటి ఏడాది ఆడిటైన లెక్క, నిరుటి ఆడిట్ కాని లెక్క ఆన్‌లైన్‌లో లేకపోతే ఆర్థిక సంఘం గ్రాంటుకే అర్హత పోతుంది.

పుస్తకాలు ఆడిట్‌కు పోయాయంటే ఎవరికి, ఏ తేదీన ఇచ్చారో అందిన సంతకం ఉంటుంది. అది అడగండి. పుస్తకాలు లేకపోయినా ట్రెజరీ పాస్‌బుక్, చలానాలు, ఈ-పంచాయతీ పోర్టల్‌లో ఇచ్చిన పర్మిషన్ల జాబితా ఉంటాయి కదా. వీటిని పక్కపక్కన పెట్టండి. జాబితాలో 23 పర్మిషన్లుండి చలానాలు 19 మందివే కనిపిస్తే, ఆ నాలుగు పేర్లు రాసుకుని వాళ్ల ఇంటికి వెళ్లి రసీదు చూడండి. రసీదు మీద పుస్తకం నంబరు, వరుస నంబరు ఉంటాయి. తర్వాత స్టాకు రిజిస్టర్‌లో ఆ పుస్తకం పంచాయతీకి వచ్చినట్టు ఉందో లేదో చూడాలి. స్టాకులో లేని పుస్తకం రసీదు దొరికితే అది పెద్ద విషయం.

తేదీలు కూడా గమనించండి. రసీదు మార్చి 4, చలానా ఏప్రిల్ 19 అయితే డబ్బు జమైనా సరే, నలభై ఆరు రోజులు ఎవరి దగ్గరుందన్న ప్రశ్న మిగులుతుంది. ఆడిట్ దాన్ని తాత్కాలిక దుర్వినియోగం అంటుంది. జవాబు సరిగ్గా లేకపోతే సర్‌ఛార్జి దాకా పోతుంది, అంటే నష్టాన్ని బాధ్యుడి జేబులోంచి రాబట్టడం.

నోటిమాటగా అడగొద్దు. నెలవారీ సమావేశం ఎజెండాలో "భవన అనుమతుల రుసుము జమాఖర్చు, పెండింగ్ ఆడిట్ పేరాలు" అని రాతపూర్వకంగా పెట్టించండి, మినిట్స్‌లో నమోదు కావాలి. అయినా ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు. గ్రామ స్థాయిలో దానికి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజులు చూసి మొదటి అప్పీలుకు వెళ్లండి. ఆ కాపీతో జిల్లా పంచాయతీ అధికారికి, స్థానిక సంస్థల అదనపు కలెక్టర్‌కు ఇస్తే కదలిక ఉంటుంది.

ప్లాన్‌గీసేవాడు:
ఒక్కటి కలుపుతాను. ఆ నలుగురి ఇళ్లకు వెళ్లినప్పుడు వాళ్లను భయపెట్టేలా మాట్లాడకండి అన్నా. వాళ్లు డబ్బు కట్టినవాళ్లే. రసీదు ఫోటో తీసుకుని అసలు వాళ్లకే ఇచ్చేయండి, ఇల్లు అమ్మేటప్పుడైనా లోనుకైనా అదే కావాలి. రసీదు పోయిందంటే పర్మిషన్ ప్రొసీడింగ్స్ కాపీ చూడండి, ఫీజు మొత్తం, చలానా నంబరు అందులో రాసి ఉంటే అక్కడి నుంచే ట్రెజరీలో వెతకవచ్చు.

చెరువుగట్టు:
వచ్చే సమావేశానికి ఎజెండా అంశం ఈరోజే రాసి ఇస్తున్నా. కీల సంగతి ఉప సర్పంచ్ గారినే అడిగాను, ఇంకా నమోదు కాలేదట. రేపు మండల ఆఫీసుకు కలిసి వెళ్తున్నాం.