వలయాకార డీఎన్ఏ విడిగా ఉందా, క్రోమోజోములో చేరిపోయిందా అన్నది ఎలా తేల్చాలి?

క్యాన్సర్ కణాల్లో క్రోమోజోములకు వెలుపల ఉండే వలయాకార డీఎన్ఏకు సెంట్రోమియర్ (కణ విభజనలో క్రోమోజోమును పిల్ల కణాలకు సమంగా పంచడానికి పట్టుగా ఉండే భాగం) లేదు కనుక అది పిల్ల కణాలకు సమానంగా అందదని, ఎంవైసీ వంటి ఆంకోజీన్ల (క్యాన్సర్‌ను ప్రేరేపించే జన్యువుల) ప్రతుల సంఖ్య కణానికీ కణానికీ మారడానికి ఇదొక ముఖ్య కారణమని తెలుసు. నా సందేహం వేరు. ఈ వలయం తెగి తిరిగి క్రోమోజోములో చేరినా వలయం ఏర్పడినప్పుడు కొనలు కలిసిన పాత అతుకు చాలాసార్లు అలాగే మిగులుతుంది కాబట్టి, డీఎన్ఏను చిన్న ముక్కలుగా చదివే షార్ట్ రీడ్ సీక్వెన్సింగ్‌లో రెండు స్థితులూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. విభజన చెందే కణాలుంటే క్రోమోజోములు విడివిడిగా కనిపించే మెటాఫేజ్ దశలో, జన్యువు ఉన్న చోటును మెరిసే గుర్తులతో చూపే ఫిష్ పరీక్షతో తేల్చవచ్చు. కానీ నా దగ్గరున్నది గడ్డకట్టించి భద్రపరచిన కణితి నుంచి తీసిన డీఎన్ఏ మాత్రమే (అందులో మెటాఫేజ్‌ను ఆశించడం వృథా). డీఎన్ఏను కొనల నుంచి కోసే ఎంజైమైన ఎక్సోన్యూక్లియేజ్‌తో సరళ (వలయం కాని) డీఎన్ఏను తొలగించి చూద్దామంటే, లక్షల బేస్ జతల పొడవున్న వలయాలు వెలికితీతలోనే తెగిపోతాయేమో? పొడవైన ముక్కలుగా చదివే లాంగ్ రీడ్ సీక్వెన్సింగ్‌తో గానీ మరో పద్ధతితో గానీ ఈ భేదాన్ని నమ్మకంగా గుర్తించినవారు దయచేసి వివరించగలరు.